బాబుకి రెండేళ్ళ ఎనిమిది నెలలు, తోటి పిల్లల దగ్గరికి పోడు. ఆటిజం కావచ్చన్నారు, ఇంట్లో ఏం చేయాలి? (తిరుపతి)

కొర్లగుంట_అమ్మ:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. బాబు ఏబీసీడీలు జడ్ నుంచి వెనక్కి కూడా చెప్తాడు. వంద దాకా అంకెలు ఇంగ్లీషులో గడగడా చదువుతాడు. కానీ దాహం వేస్తే 'నీళ్ళు' అనడు, నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా తిరగడు. అదే పక్క గదిలో ఫోన్‌లో తనకిష్టమైన పాట మొదలైతే పరుగెత్తుకొస్తాడు. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద పిల్లలంతా ఆడుకుంటుంటే వీడు గోడ వెంబడి అటూ ఇటూ పరుగెత్తుతుంటాడు, వాళ్ళ వైపు చూడను కూడా చూడడు.

పిల్లల డాక్టర్ గారు "ఆటిజం కావచ్చు, ఇప్పుడే ఖాయంగా చెప్పను, ముందు వినికిడి పరీక్ష చేయించండి" అని రాసిచ్చారు. ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి దొరికింది. మా అత్తమ్మ "వాళ్ళ నాయన కూడా నాలుగేళ్ళకి మాట్లాడినాడు, పదిమంది పిల్లల్లో వేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. మా ఆయన ప్లేస్కూల్ ఫీజు కట్టేద్దామంటున్నారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజంగా పదిమందిలో వేస్తే కలుస్తాడా? అపాయింట్‌మెంట్ దాకా ఇంట్లో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

చిత్తూరు_బుజ్జినాన్న:
అక్కా, మా పాపకి ఇప్పుడు ఐదేళ్ళు, ఆటిజం ఉంది. ముందు వినికిడి పరీక్ష ఆలస్యం చేయకండి. పాటకి పరుగెత్తుకొస్తున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని వదిలేయొద్దు. కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడని పిల్లలు ఉంటారు. బెరా పరీక్ష అంటారు, పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు. ఆ రిపోర్ట్ లేకపోతే పెద్ద డాక్టర్ దగ్గర మళ్ళీ అక్కడికే పంపిస్తారు.

పాకాల_పెద్దక్క:
వసకొమ్ము అరగదీసి పొద్దున్నే నాలుకకి రాయమ్మా. మా ఇళ్ళల్లో అందరికీ అట్లనే మాటలొచ్చినాయి. అన్నిటికీ డాక్టర్లంటే ఎట్ల?

మాట_ఆట (స్పీచ్ థెరపిస్ట్):
పెద్దక్కా, వస రాయొద్దండీ, దానివల్ల మాటలొస్తాయనేది నిజం కాదు. అయినా ఈ బాబు వంద దాకా అంకెలు పలుకుతున్నాడు. నాలుక తిరక్కపోతే అన్ని పలకలేడు కదా.

కొర్లగుంట అమ్మగారూ, పిల్లాణ్ణి చూడకుండా అవునో కాదో నేను చెప్పను. కానీ మీ రెండో ప్రశ్నకి రోగం పేరు తేలేదాకా ఆగక్కర్లేదు. నేను చెప్పేవి ఏ పిల్లలతో చేసినా నష్టం లేదు.

మాట అనేది ఎదుటి మనిషికి ఏదో చెప్పడానికి పనికొస్తుందన్న సంగతి మీవాడికి ఇంకా పట్టుబడలేదు. అందుకని ఎన్ని పదాలొచ్చాయని లెక్కపెట్టకండి. నచ్చింది తెచ్చి మీకు చూపిస్తున్నాడా? వేలు చూపిస్తున్నాడా? మీరు వేలు చూపిస్తే అటు తిరుగుతున్నాడా? ఇవి చూడండి. ఏడాదిన్నర వయసుకల్లా చాలామంది పిల్లలు ఆకాశంలో విమానం కనిపిస్తే వేలు చూపి, వెంటనే అమ్మ మొహం చూస్తారు. విమానం తెచ్చివ్వమని కాదు, అమ్మ కూడా చూడాలని. నలుగురితో కలవడం అక్కడ మొదలవుతుంది. అది ఒక్క మనిషితో కూడా రాని పిల్లాణ్ణి పదిమందిలో వదిలితే, అక్కడ కూడా గోడ వెంబడే పరుగెత్తుతాడు. కాబట్టి ముందు మీరు, ఆ తర్వాత ఇంకో పిల్లో పిల్లాడో, ఆ తర్వాతే గుంపు.

దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. మన కాళ్ళాగజ్జె ఆట గుర్తుందా? మీరు, వాళ్ళ అవ్వ, బాబు కాళ్ళు చాపుకుని కూర్చోండి. పాట పాడుతూ ఒక్కో మోకాలూ తట్టుకుంటూ పోవడం, ఎవరి దగ్గర పాట ఆగితే వాళ్ళు కాలు ముడవడం. రోజూ అదే పాట, అదే వరస, అదే చోటు. రెండు మూడు రోజులకి వాడికి తర్వాత ఏమొస్తుందో తెలిసిపోతుంది. అప్పుడు చివరి మాటకి ముందు ఆపండి. చెయ్యి గాల్లోనే ఉంచి, నవ్వు మొహంతో, ఏమీ మాట్లాడకుండా మనసులో పది లెక్కపెట్టండి. మీ వైపు చూసినా, కాలు కదిపినా, 'ఊ' అన్నా అది వాడి వంతే. వెంటనే ఆ మాట అనేసి కాలు తట్టేయండి. ఏమీ చేయకపోయినా పూర్తి చేసేయండి, ఏడిపించొద్దు. ఈ ఆగడమే అందరికీ కష్టం. మన పెద్దవాళ్ళం నిశ్శబ్దాన్ని భరించలేం, 'చెప్పు నాన్నా చెప్పు' అని ఊదరగొట్టేస్తాం.

చీరకొంగు అడ్డం పెట్టుకుని దాగుడుమూతలు, తారంగం, గుడుగుడుగుంచం అన్నీ ఇలాగే పనికొస్తాయి. ఒకరి తర్వాత ఒకరు, ఎదురుచూడటం, ఎదుటివాళ్ళ మొహంలో ఏముందో చూడటం ఈ ఆటల్లోనే ఉన్నాయి.

కార్లు వరసగా పేర్చుకుంటున్నాడా? ఆపకండి. ఎదురుగా నేల మీద కూర్చుని, మీ కార్లు మీరు పేర్చండి. వాడివి ముట్టుకోవద్దు. వాడు కారు పక్కకి తోస్తే మీరూ తోయండి. తనని ఎవరో అనుకరిస్తున్నారని గమనించినప్పుడు చాలామంది పిల్లలు ఒకసారి తలెత్తి చూస్తారు.

తిండి దగ్గర కూడా అంతే. బొరుగులు గిన్నె నిండా పెట్టేస్తే వాడికి మీతో పనేముంది? మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఎదురుగా పెట్టండి. డబ్బా తెచ్చి మీ చేతిలో పెడతాడు. 'తియ్యి' అని మీరే ఒక్కసారి అని, మూత తీసి కొన్ని ఇవ్వండి. మళ్ళీ మూత పెట్టేయండి. 'తియ్యి అంటేనే ఇస్తా' అని పట్టుబట్టకండి. (వేరుశనగ గింజలతో మాత్రం ఈ ఆట వద్దు, ఈ వయసులో గొంతులో ఇరుక్కుంటాయి.)

ఒకేసారి గంట కూర్చోబెట్టొద్దు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, రోజులో చాలాసార్లు. స్నానం, బట్టలు వేయడం, లిఫ్ట్ కోసం ఎదురుచూడటం అన్నీ లెక్కే.

కొర్లగుంట_అమ్మ:
మేడం, చాలా థాంక్స్. అత్తమ్మకి చదివి వినిపించాను. కాళ్ళాగజ్జె అనేసరికి ఆవిడే పాట అందుకున్నారు! ఒక డౌటు. ఒక వీడియోలో గడ్డం పట్టుకుని 'నా కళ్ళలోకి చూడు' అని రోజూ ప్రాక్టీస్ చేయించమన్నారు. వాడు గింజుకుంటున్నాడు. చేయించాలా?

పుత్తూరు_బస్సు_నంబర్లు:
అక్కా, వద్దు. నేను ఆటిజం ఉన్నవాణ్ణే, ఉద్యోగంలో చేరాక బెంగళూరులో తేలింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం, వాళ్ళు చెప్పేది వినడం, ఈ రెండూ నాకు ఇప్పటికీ ఒకేసారి కుదరవు. కిటికీ వైపు చూస్తుంటేనే బాగా వింటాను. గడ్డం పట్టుకుని తిప్పితే వాడికి తెలిసేది ఒక్కటే, మనుషుల మొహాలు ఇబ్బంది పెడతాయని. సబ్బు బుడగల పుల్ల మీ చెంప దగ్గర పెట్టుకుని ఊదండి. చూడాలనిపిస్తే వాడే చూస్తాడు. పక్కపక్కన కూర్చుని ఒకే వస్తువు చూడటం కూడా కలవడమే.

ఇంకొకటి. చిన్నప్పుడు నాకు ఒక్కడే ఫ్రెండు. ఇద్దరం పుత్తూరు బస్టాండులో కూర్చుని బస్సుల నంబర్లు నోటు పుస్తకంలో రాసుకునేవాళ్ళం. మా ఇంట్లో 'వీడు ఎవరితోనూ కలవడు' అని బాధపడేవాళ్ళు. నాకేమో నిండుగా ఉండేది. పదిమందితో గోల చేస్తేనే పిల్లాడు బాగున్నట్టని ముందే అనుకోకండి.

ఆరోగ్యసిరి_సలహా:
ఆటిజం పూర్తిగా నయమవుతుంది. స్టెమ్ సెల్ చికిత్స, గ్యారంటీ. వివరాలకు మెసేజ్ చేయండి. [ఫోన్ నంబర్ తొలగించాం – మోడరేటర్]

చిత్తూరు_బుజ్జినాన్న:
మోడరేటర్ గారికి థాంక్స్. అక్కా, ఇలాంటివాళ్ళు మీకు చాలామంది తగులుతారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబరులోనే చెప్పింది. లక్షలు అడుగుతారు. గ్యారంటీ అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి.

గూడూరు_గృహిణి:
టీకాల వల్ల వస్తుందంటారు కదా? మా చిన్నాడికి ఎంఎంఆర్ వేయించాలంటే భయంగా ఉంది.

మాట_ఆట (స్పీచ్ థెరపిస్ట్):
వేయించండమ్మా. ఆ మాట పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత లక్షలాది పిల్లల మీద చూశారు, సంబంధం లేదు. ఫోన్ చూడటం వల్లే ఆటిజం వచ్చిందని తల్లుల్ని తిట్టేవాళ్ళ మాట కూడా పట్టించుకోవద్దు. అలాగని ఫోన్ ఇచ్చేయమని కాదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ పట్టుకున్న గంటలో మీతో ఆడే ఆట ఉండదు, నష్టం అదీ.

పలమనేరు_పాపమ్మ:
కొర్లగుంట అమ్మగారూ, ప్లేస్కూల్ గురించి నేను చెప్తా. మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మూడేళ్ళప్పుడు ఒక ప్లేస్కూల్‌లో వేశాం. చిన్న గదిలో కిక్కిరిసిన పిల్లలు, టీవీలో రైమ్స్. పాప బల్ల కింద దూరి చెవులు మూసుకునేది. మాన్పించేశాం. తర్వాత మాకు పనికొచ్చింది మా అక్క కూతురు. దానికప్పుడు ఏడేళ్ళు. మెత్తని పిల్ల, ఓపిక ఎక్కువ. అదే వయసు పిల్లల కంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళు నయం. చెప్తే అర్థం చేసుకుంటారు, బొమ్మ లాక్కోరు.

పిల్లకి ముందే చెప్పాం: 'చెల్లి పిలిస్తే పలకదు. వెనక నుంచి అరవొద్దు. ఎదురుగా వెళ్ళి వస్తువు చూపించు. ఇచ్చేదాకా చెయ్యి చాపి ఉండు.' ఇద్దరికీ రెండు పనులుండే ఆటే పెట్టాం. ఒకరు బుడగలు ఊదాలి, ఒకరు పగలగొట్టాలి. ఒకరు బంతి దొర్లించాలి, ఇంకొకరు బిందెలో వేయాలి. మాటలతో పనిలేదు. మొదట్లో కాసేపే. బాగా ఆడుతున్నప్పుడే ఆపేసేవాళ్ళం, గొడవ అయ్యేదాకా లాగేవాళ్ళం కాదు. మళ్ళీ కావాలని పాపే అక్క చెయ్యి లాగేది.

బొమ్మ పంచుకోమని మాత్రం మొదటి రోజే పెట్టకండి. వాడి ప్రాణమైన కారు ముందే బీరువాలో పెట్టేయండి. లేకపోతే అదొక్కటే రణరంగం.

తిరుపతిలో మీకు ప్రకాశం పార్క్ ఉంది కదా. ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజుల్లో రద్దీ లేని వేళ తీసుకెళ్ళండి. ఉయ్యాల దగ్గర 'అక్క వంతు, నీ వంతు' బాగా కుదురుతుంది, ఎందుకంటే ఊపేవాళ్ళు లేకపోతే ఉయ్యాల ఊగదు.

రిటైర్డ్_మాస్టారు:
మంచి చర్చ. కానీ అమ్మా, ఇలా ఒక్కొక్కరితోనే ఆడిస్తూ పోతే బడి వయసు వచ్చేస్తుంది. బడి వాతావరణం అలవాటు కావద్దా?

పలమనేరు_పాపమ్మ:
కావాలి మాస్టారూ. బడి మానేయమని ఎవరూ అనలేదు. ఫీజు కట్టేముందు తరగతిలో ఎంతమంది, టీచర్‌తో పాటు ఇంకో మనిషి ఉందా, మొదట్లో గంటసేపే ఉంచి తీసుకెళ్తామంటే ఒప్పుకుంటారా, ఇవి అడగాలి అంటున్నాను. బాబుకి ఇంకో నాలుగు నెలల్లో మూడు నిండుతాయి. అంగన్‌వాడీలో మూడేళ్ళ నుంచి తీసుకుంటారు. మంచి టీచరమ్మ, తక్కువమంది పిల్లలు ఉన్నచోట అదే చాలా నయం, ఇంటికి దగ్గర కూడా.

భవిత_సార్:
నేను భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, ఐఈఆర్‌టీగా (ఆ పిల్లలకి నేర్పే టీచరుగా) పనిచేస్తాను. అంగన్‌వాడీలకీ బడులకీ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు వచ్చి పిల్లల్ని చూస్తాయి. 2013లో మొదలైన కేంద్ర పథకం అది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే అందరూ డీఈఐసీ అనేదానికి రాసిస్తారు. అక్కడ సేవలు ఉచితం. రుయా ఆసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. బడి వయసు వచ్చాక మండలంలోని భవిత కేంద్రానికి రండి. ఇంకో సంగతి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ బడి అయినా గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి అయినా ఆ కారణం చూపి సీటు లేదనడానికి లేదు. అంటారనుకోండి, కాగితం మీద రాసివ్వమనండి.

చిత్తూరు_బుజ్జినాన్న:
మేడం, నాదొక ప్రశ్న. మా ఇంట్లో ఆవిడ తమిళం, నేను తెలుగు. పాప ఫోన్‌లో విన్న ఇంగ్లీషు ముక్కలే అంటుంది. ఒకచోట 'మూడు భాషలు గందరగోళం, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి' అన్నారు.

మాట_ఆట (స్పీచ్ థెరపిస్ట్):
అన్నా, చిత్తూరులో ఆ సలహా ఇస్తే సగం ఊరు మూగబోవాలి! ఇంట్లో రెండు భాషలు ఉండటం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఆవిడ ఏ భాషలో ముద్దు చేస్తుందో, ఏ భాషలో కోప్పడుతుందో అదే మాట్లాడమనండి. రాని ఇంగ్లీషులో తల్లి 'కమ్, సిట్, ఈట్' అని నాలుగు ముక్కలు మాట్లాడితే పిల్లకి అందేది ఆ నాలుగు ముక్కలే. పాప ఫోన్‌లో విన్నదే తిరిగి అంటే కొట్టిపారేయకండి. చాలాసార్లు దానికో అర్థం ఉంటుంది. పాటలో 'బై బై' వచ్చేది ఆట అయిపోయినప్పుడైతే, పాప 'బై బై' అంటే ఇంక చాలు అని చెప్తుందేమో చూడండి. అప్పుడు మీరు 'చాలు' అనండి.

కొర్లగుంట_అమ్మ:
ఇంకో రెండు సంగతులు అడగాలి. వాడికి మూడేళ్ళు నిండేలోపు కొండ మీద తలనీలాలు ఇస్తామని మొక్కు. కింద మంగలి షాపులో మిషన్ శబ్దానికే వాడు నేల మీద పడి దొర్లాడు. ఇంకొకటి, మేలో గంగమ్మ జాతర. మా మరిది ఏటా వేషం వేస్తాడు. వీణ్ణి తీసుకెళ్ళాలా మానాలా?

పాకాల_పెద్దక్క:
మొక్కు ఎక్కడికీ పోదమ్మా. అమ్మవారికి, సామికి బిడ్డ సంగతి తెలీదా? ఆలస్యమైతే ముడుపు కట్టుకో, బిడ్డ ఓర్చుకునేటప్పుడు ఇచ్చుకో.

మాట_ఆట (స్పీచ్ థెరపిస్ట్):
పెద్దక్క మాటే నాదీ, ఈసారి పూర్తిగా ఒప్పుకుంటున్నా! తొందరపడి నలుగురు పట్టుకుని చేయిస్తే తల ముట్టుకోనివ్వడం మానేస్తాడు. ఈలోపు ఇంట్లో అలవాటు చేయండి. బొమ్మ తల తడిపి దువ్వడం, వాడి తల మీద గ్లాసుతో నీళ్ళు పోయడం, వాళ్ళ నాన్న క్షవరం చేయించుకుంటుంటే దూరం నుంచి చూపించడం. ఎక్కడ భయపడితే అక్కడే ఆగి మళ్ళీ మర్నాడు. కల్యాణకట్టలో మిషన్ ఉండదు, కత్తే కాబట్టి ఆ రొద ఉండదు. కానీ జనం ఉంటారు, తడి నేల ఉంటుంది, తల వంచి గట్టిగా పట్టుకుంటారు. ఇవన్నీ ముందే ఆటలో వచ్చి ఉండాలి.

జాతర సంగతి. డప్పులు ఒక ఎత్తు. దానికంటే, రోజూ చంకనెత్తుకునే చిన్నాన్న ఒళ్ళంతా బొగ్గు పూసుకుని 'తోటి' అనే జాతర వేషంలో ఎదురైతే ఈ పిల్లలకి మనిషే మారిపోయినట్టు ఉంటుంది. మరిదిగారిని ఇంట్లోనే వాడి ముందు వేషం వేసుకోమనండి. ఒక చెయ్యికి పూసుకుని చూపించి, వాడి వేలితో ముట్టించి, తర్వాత ఇంకో చెయ్యి. మొహం చివర్లో. అది వాడు చూడగలిగితే వీధి చివర నుంచి కాసేపు చూపించి తెచ్చేయండి. చెవులకి మూసే హెడ్‌ఫోన్లు దగ్గర పెట్టుకోండి. ఆ రోజు వాడికి నిద్ర సరిపోలేదంటే మానేయండి.

పుత్తూరు_బస్సు_నంబర్లు:
తీసుకెళ్తే 'గంగమ్మ దగ్గరికి వెళ్తాం, డప్పు వింటాం, ఐస్‌క్రీం తింటాం, ఇంటికొచ్చేస్తాం' అని నాలుగు ఫొటోలు ముందురోజు చూపించండి. ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడమే నాకు అన్నిటికంటే భయంగా ఉండేది.

కొర్లగుంట_అమ్మ:
బెరా అయింది, వినికిడి బాగానే ఉందన్నారు. ఆట సంగతి చెప్పాలి. పాట ఆపితే అత్తమ్మ దగ్గర కాలు కదుపుతున్నాడు, నా దగ్గర లేచి వెళ్ళిపోతున్నాడు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

మాట_ఆట (స్పీచ్ థెరపిస్ట్):
లేదమ్మా. పెద్దావిడ నిదానంగా పాడుతుంటారు, ఇంకోసారి పాడటానికి తొందరపడరు, అంతే. కొన్నాళ్ళు ఆవిడనే పాడనివ్వండి, మీరు మూడో మనిషిగా కాలు చాపి కూర్చోండి. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి, తల్లి బిడ్డతో ఆడుతుంటే వీడియో తీసి, ఆమెతో కలిసి చూస్తూ ఎక్కడ బిడ్డ స్పందించాడో చూపించారు. ఆ పిల్లలు తమంతట తాము తల్లితో ఏదో చెప్పడం పెరిగింది. మీరు కూడా మీ ఆయన్ని వీడియో తీయమనండి. వాడు లేచి వెళ్ళేముందు ఏం జరిగిందో చూస్తే తెలుస్తుంది.

ఆ వీడియోలే అపాయింట్‌మెంట్‌కి కూడా పట్టుకెళ్ళండి. ఆసుపత్రి గదిలో పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు. ఇంట్లో ఆడేది, పిలిస్తే తిరగనిది, తిండి అడిగేది, వేరే పిల్లల మధ్య ఉన్నది, ఒక్కోటి నిమిషం రెండు నిమిషాలు చాలు. ఇంటర్నెట్‌లో ఎం-చాట్ (ఆటిజం అనుమానం ఉందేమో చూడటానికి తల్లిదండ్రుల్ని అడిగేవి) ప్రశ్నలు నింపి భయపడకండి. ఆ 20 ప్రశ్నలు 16 నుంచి 30 నెలల పిల్లల కోసం, మీవాడు ఆ వయసు దాటాడు. అయినా అది రోగం తేల్చే పరీక్ష కాదు.

కొర్లగుంట_అమ్మ:
సరే మేడం. అపాయింట్‌మెంట్ వేలూరు సీఎంసీలో. చిత్తూరు అన్నా, మీరు అక్కడికే వెళ్ళారా? బస్సా రైలా? వీడు రద్దీలో ఉండలేడు.

చిత్తూరు_బుజ్జినాన్న:
అక్కడికే అక్కా. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలుంది, అక్కడి నుంచి ఆటో. పిల్లాడికి రైల్లో అటూ ఇటూ తిరగడానికి చోటుంటుంది కాబట్టి నేను రైలే అంటాను. ముందురోజు వెళ్ళి గది తీసుకుని, సాయంత్రం ఒకసారి ఆసుపత్రి బయట తిప్పి చూపించండి. తెలుగువాళ్ళు అక్కడ చాలామంది వస్తారు, భాష ఇబ్బంది పడరు. తినేవి, కార్లు, హెడ్‌ఫోన్లు విడిగా ఒక సంచిలో పెట్టుకోండి. బెరా రిపోర్ట్, పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు రెండేసి జెరాక్స్‌లు.